ఒకటి కొడుకు పేరు, ఒకటి ఎద్దు పేరు

దసరాకు ఇల్లు దులిపేటప్పుడు మావాడి అలమర దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నెమ్మదిస్తుంది. వాడి బొమ్మకార్లన్నీ అక్కడే ఉంటాయి. ఇంజనీరింగ్ రెండో ఏడు, మీసాలొచ్చాయి, అయినా ఆ కార్లను ఎవరూ ముట్టుకోకూడదు. నా దుమ్ముగుడ్డకు మాత్రం అనుమతి ఉంది. ఈసారి రెండిటిని చేతిలోకి తీసుకుని చూశాను. ఒకటి ఎర్రది, చిన్నది, ఎక్కడా కోణమన్నది లేకుండా నున్నగా ఉంది. రెండోది నారింజరంగుది, నేలకు అతుక్కుపోయినట్టు పల్చగా ఉంది. దాని దీపాల చుట్టూ కాటుక దిద్దిన రెప్పల్లా నల్లటి గీతలు.

"రెండూ ఇటలీవేనమ్మా. అది డీనో, ఇది మియురా. నిజం కార్లయితే మియురా ఖరీదుకి డీనోలు నాలుగైదు వస్తాయి" అన్నాడు మావాడు.

"డీనో అంటే ఏంట్రా?"

"ఫెరారీ కంపెనీ ఆయన కొడుకు పేరు. చచ్చిపోయాడు" అని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు.

వాడికది ఒక ముక్క సమాచారం. నాకు మాత్రం ఆ పూట వంటింట్లో కూడా అదే తిరిగింది. చచ్చిపోయిన కొడుకు పేరు కారుకి పెట్టుకున్న తండ్రి ఎవరు, ఆ పిల్లాడికి ఏమైంది, వాళ్ళమ్మ ఏమైంది? నెల రోజులు దొరికినంతా చదివాను. కార్ల గురించి చదవడం మొదలుపెట్టి రెండు ఇళ్ళ గురించి చదివాను. మీరూ నాలాగే కారంటే రంగు తప్ప ఇంకేమీ చూడనివాళ్ళయినా సరే, ఈ కథ మనదే.

ముందొక చిన్న సంగతి చెప్పేస్తాను, అది లేకపోతే తర్వాతవి అర్థం కావు. మామూలు కార్లకి ఇంజను ముందుంటుంది. ఈ రెండు కార్లకీ డ్రైవరు వీపు వెనక, వెనక చక్రాల ఇరుసుకు ముందు ఉంటుంది. అంటే బరువంతా నడుమున ఉంటుంది. నిండు బిందె చంకన పెట్టుకుని మనం గిర్రున తిరిగిపోగలం. అదే బిందెను చేతులు చాపి పట్టుకుని తిరగమంటే ఒళ్ళు తూలిపోతుంది. మలుపుల్లో కారు సంగతీ అంతే. పందెం కార్లలో ఈ పద్ధతి గొప్పదని ఇంగ్లండు కూపర్ కంపెనీ 1959లో, 1960లో వరసగా ప్రపంచ విజేత అయి చూపించింది. ఫెరారీ యజమాని ఎంజో ఫెరారీకి మాత్రం నచ్చలేదు. ఎద్దు బండిని లాగుతుంది గాని నెడుతుందా అన్నది ఆయన వాదన. పందేల్లో వేరే దారి లేక ఒప్పుకున్నా, ఇలాంటి కారును మామూలు జనం చేతిలో పెడితే ప్రాణాల మీదికి వస్తుందని చాలాకాలం భయపడ్డాడు.

ఇక ఆయన ఇంటి సంగతి. ఎంజోది మోదెనా పట్టణం. ఆయన తండ్రి పేరు ఆల్ఫ్రెడో, అన్న పేరూ ఆల్ఫ్రెడోయే. ఇద్దరూ 1916లో ఒకే ఏడాది పోయారు. అప్పటికి ఎంజోకి పద్దెనిమిదేళ్ళు. 1923లో లౌరా గారెల్లోని పెళ్ళి చేసుకున్నాడు. తొమ్మిదేళ్ళకి, 1932 జనవరిలో కొడుకు పుట్టాడు. మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే వాడికి ఆల్ఫ్రెడో అని పెట్టారు. ముద్దుగా ఆల్ఫ్రెడీనో, అంటే చిన్న ఆల్ఫ్రెడో. అది ఇంకా చిన్నదై డీనో అయింది. మన ఇళ్ళలో సుబ్బారావు కాస్తా సుబ్బులు అయినట్టు.

పిల్లాడికి కండరాలు క్రమంగా క్షీణించిపోయే జబ్బు. ఇప్పటికీ దానికి పూర్తిగా నయమయ్యే మందు లేదు. ఆ రోజుల్లో జబ్బుకి కారణం కూడా ఎవరికీ తెలియదు. ఎంజో తన జ్ఞాపకాల పుస్తకంలో ఒక సంగతి రాసుకున్నాడు. కొడుకు ఏం తినొచ్చో, ఏది తింటే ఎన్ని కేలరీలో పట్టిక వేసుకున్నాడట. రోజూ మూత్రం, రక్తం పరీక్షల అంకెలు రాసిపెట్టేవాడట. కారు ఇంజనుకి ఎంత వేడి, ఎంత బలం అని జీవితమంతా అంకెలు రాసిన మనిషి, కొడుకు ఒంటికీ అలాంటి లెక్కల పుస్తకమే పెట్టాడు. ఇంట్లో ఎవరికైనా షుగరో కిడ్నీ జబ్బో ఉండి ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించుకున్నవాళ్ళకు ఆ పుస్తకం ఎలా ఉంటుందో తెలుసు. అంకె బాగుంటే ఆ పూట ముద్ద దిగుతుంది.

డీనో ఇంజనీరింగు చదివాడు. మంచం మీద ఉన్న రోజుల్లో తండ్రితో, విత్తోరియో యానో అనే పెద్ద ఇంజనీరుతో కూర్చుని ఆరు సిలిండర్ల చిన్న ఇంజను గురించి మాట్లాడేవాడు. 1956 జూన్ 30న పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. ఆ ఇంజను మొదటిసారి తిరిగింది అదే ఏడాది చివర్లో. దానికి డీనో అని పేరు పెట్టారు. పనంతా యానోదే, పిల్లాడి పాత్రను తండ్రే పెంచి చెప్పాడని కొందరు చరిత్రకారులంటారు. అయి ఉండొచ్చు. పోయిన బిడ్డ తెలివితేటల గురించి తక్కువ చేసి చెప్పే తండ్రిని నేనైతే చూడలేదు. ఎంజో ఆ తర్వాత రోజూ పొద్దున్నే శ్మశానానికి వెళ్ళి కొడుకు సమాధి చూసుకుని గాని ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు కాదట. 1988లో తాను పోయేదాకా ఆ శోకం ఆయన్ని వదలలేదు. మారనెల్లోలో వృత్తి విద్యాలయానికి, ఇమోలాలో పందెపు బాటకు, ఇంజన్లకు, కార్లకు, అన్నిటికీ డీనో పేరే.

బి.ఏ.లో మాకు పుత్రశోకం అంటే దశరథుడే. పరీక్షకు వచ్చే ప్రశ్న అదే. కౌసల్య గురించి ఐదు మార్కుల ప్రశ్న కూడా వచ్చినట్టు గుర్తు లేదు. లౌరా విషయంలోనూ అంతే. ఆమె ఏమనుకుందో, కొడుకు పేరున్న బండి గేటు దాటి పోతుంటే ఏమైందో నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా వేరే ఒక కథ. కొడుకు పోయిన తర్వాతి ఏళ్ళలో ఆవిడ పందెపు జట్టుతో ఊళ్ళు తిరగడం, ఫ్యాక్టరీ విషయాల్లో మాట్లాడటం మొదలుపెట్టిందని, అది భరించలేక 1961లో ఫెరారీలోని ముఖ్యమైన ఇంజనీర్లు, అధికారులు కొందరు ఒకేసారి వెళ్ళిపోయారని. పుస్తకాల్లో ఆవిడ పేరు వచ్చేది ఎక్కువగా ఇక్కడే, తప్పు మోపే చోట. ఒక్కగానొక్క బిడ్డ పోయిన తల్లి ఖాళీ ఇంట్లో కూర్చోలేక బయటికొచ్చిందేమో అని ఒక్కళ్ళకూ తోచలేదా అనిపించింది నాకు.

మా అమ్మకూ మొదటి బిడ్డ పోయాడు. నేను పుట్టకముందు మాట. మూడేళ్ళవాడు, జ్వరం. తర్వాత మా తమ్ముడు పుట్టినప్పుడు నాన్నగారు ఆ పేరే పెడదామన్నారట, వాడే మళ్ళీ వచ్చాడని. అమ్మ ఒప్పుకోలేదు. "రోజుకు వందసార్లు పిలవాల్సింది నేను" అందట. తమ్ముడికి వేరే పేరు పెట్టారు. నాన్నగారు మాత్రం కొత్తగా కట్టించిన వడ్లకొట్టుకు పెద్దన్నయ్య పేరు రాయించారు. అమ్మ ఎప్పుడూ దాన్ని కొట్టు అనే అంటుంది. ఇద్దరిదీ దుఃఖమే. ఆయన గోడ మీద రాసుకున్నారు, ఆమె నోట్లోంచి తీసేసుకుంది.

ఇక్కడ రెండో ఇంటికి వెళ్ళాలి. వెళ్ళే దారి ఆ 1961 నాటి గొడవే. వెళ్ళిపోయినవాళ్ళలో జొత్తో బిజ్జరీనీ అనే ఇంజనీరు ఒకడు. మారనెల్లోకి గంట ప్రయాణం కూడా లేని సంతాగతా అనే ఊళ్ళో కొత్తగా కార్ల కంపెనీ పెడుతున్న ఒక ట్రాక్టర్ల వ్యాపారి అతనికి పని ఇచ్చాడు. అతను గీసిచ్చిన పన్నెండు సిలిండర్ల ఇంజనే తర్వాత పెద్దదై, మా అలమరలోని నారింజరంగు మియురా గుండె అయింది. ఆ వ్యాపారి ఫెరూచ్చో లాంబోర్గినీ.

ఫెరూచ్చోది ద్రాక్షతోటల రైతు కుటుంబం, 1916లో పుట్టాడు. యుద్ధంలో రోడ్స్ ద్వీపంలో మిలటరీ వాహనాలు బాగుచేసే పని నేర్చాడు. తిరిగొచ్చి, యుద్ధం వదిలేసిపోయిన బండ్ల సామాను కొని వాటితో రైతులకు ట్రాక్టర్లు తయారుచేశాడు. డబ్బు బాగా వచ్చింది, ఫెరారీ కొన్నాడు, క్లచ్చి మాటిమాటికీ పాడైంది. వెళ్ళి చెబితే ఎంజో నీకు ట్రాక్టరే నడపడం వచ్చు పొమ్మన్నాడని, ఆ కోపంతో 1963లో తానే కార్ల కంపెనీ పెట్టానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఈ కథ అందరికీ ఇష్టం. నాకు మాత్రం దీని ముందున్న ఇంకో సంగతి దగ్గర కాలు ఆగింది. ఫెరూచ్చో మొదటి భార్య క్లేలియా 1947లో కొడుకును కని ప్రసవంలోనే పోయింది. ట్రాక్టర్ల వ్యాపారం మొదలుకాబోయే రోజులవి. ఆ కొడుకు టోనీనో బతికాడు, పెద్దవాడయ్యాడు, తన పేరుతో వ్యాపారం పెట్టుకున్నాడు. క్లేలియా పేరు మాత్రం ఏ కారు మీదా లేదు. ఫెరూచ్చో వృషభరాశివాడు, అందుకే గుర్తుగా ఎద్దును పెట్టుకున్నాడు. మియురా అంటే స్పెయిన్‌లో పోట్లాటకు పెంచే ఎద్దుల వంశానికి పేరు, వాటిని పెంచే కుటుంబం పేరు.

తమాషా ఏమిటంటే మియురా ఆయన ఆలోచన కూడా కాదు. ఆయనకు కావలసింది శబ్దం చెయ్యని, సుఖంగా పోయే పెద్దమనుషుల కారు. జాన్ పావొలో డల్లారా, పావొలో స్టాన్జానీ, న్యూజిలాండ్ నుంచి వచ్చిన బాబ్ వాలెస్ అనే ముగ్గురు కుర్రాళ్ళు పని వేళలు దాటాక కూర్చుని దీన్ని తయారుచేసుకున్నారు. ముగ్గురికీ ముప్పై దాటలేదు. 1965లో తురీన్ ప్రదర్శనలో పైన ఒళ్ళు లేకుండా ఉత్త అస్థిపంజరం పెడితేనే జనం మూగారు. దానికి ఒళ్ళు తొడిగింది బెర్తోనే సంస్థలోని మార్చెల్లో గాందినీ. 1966 మార్చిలో జెనీవాలో చూపించేనాటికి అతనికి ఇరవై ఏడేళ్ళు. మావాడు ఇరవైలో ఉండి చొక్కా మడతపెట్టడు, సరే, అది వేరే సంగతి.

అందం మాట అటుంచితే, కొత్త కోడలి మొదటి వంటలో ఉండే తప్పులన్నీ మియురాలో ఉన్నాయి. చోటు కలిసిరావాలని అంత పెద్ద ఇంజనును అడ్డంగా పెట్టారు. ఇంజనుకీ గేర్లకీ ఒకటే పెట్టె, ఒకటే నూనె. చేపలు వేయించిన నూనెలోనే అప్పడాలు వేయించినట్టు, గేర్ల అరుగుదలలో వచ్చిన రజను ఇంజనులోకి వెళ్ళేది. పెట్రోలు ట్యాంకు ముందుభాగంలో ఉండేది. అది ఖాళీ అవుతున్నకొద్దీ ముందు తేలికై, వేగం మీద మూతి పైకి లేచేది. 270 కిలోమీటర్ల పైన పోయే కారు అది! ఆగి ఉన్నప్పుడు కార్బురేటర్ల నుంచి పెట్రోలు కారి మంటలంటుకున్న మియురాలూ ఉన్నాయి. సీటు వెనకే ఇంజను, మధ్యన ఒక అద్దం, దాంతో లోపల ఉడుకు. 1971లో వచ్చిన ఎస్వీ రకంలో చాలావరకు సరిదిద్దారు. ఆ రకం చివరి కార్లలో నూనెలు కూడా వేరుచేశారు. కాటుక రెప్పలు కూడా అప్పుడే తీసేశారు, అది నాకు నచ్చలేదు. 1966 నుంచి 1973 దాకా అన్నీ కలిపి తయారైనవి 760 పైచిలుకు.

డీనో ఇంకోలా పుట్టింది. అప్పట్లో ఒక స్థాయి పందేలకు నియమం మారి, ఇంజను ఏడాదిలో కనీసం 500 కార్లలో వాడినదై ఉండాలన్నారు. ఫెరారీకి అన్ని చేసే శక్తి లేదు. 1965లో ఫియట్‌తో ఒప్పందం చేసుకుని ఇంజన్లు వాళ్ళ చేత చేయించాడు ఎంజో. కారు రూపం పినిన్‌ఫరీనా వాళ్ళది. ఇంజను నడుమున ఉండే కారు అమ్ముదామని వాళ్ళు పట్టుబడితే, చిన్న ఇంజను గనక ప్రమాదం తక్కువని ఎంజో ఒప్పుకున్నాడు. కొడుకు పేరు పెట్టే కారు ఎవరి కొడుకునూ చంపకూడదనుకున్నాడేమో, ఇది నా ఊహ. 1968లో మొదట 206 అనే రకం వచ్చింది, అల్యూమినియం ఒళ్ళు, 150 పైచిలుకు మాత్రమే చేశారు. 1969 నుంచి 1974 దాకా ఉక్కు ఒంటి 246 రకం, మూడున్నర వేల పైన. దీని వేగం 235 కిలోమీటర్ల చుట్టూ. మియురాకి 350 గుర్రాల బలమైతే దీనికి 195. నడిపినవాళ్ళంతా చెప్పే మాట ఒకటే, ఇది చెప్పిన మాట వింటుంది, మలుపులో మనిషిని భయపెట్టదు.

సేకరించేవాళ్ళు ఏం చూస్తారో కూడా చదివాను, నగల షాపు లెక్క గుర్తొచ్చింది. ఇంజను మీది నంబరు, చట్రం మీది నంబరు పుట్టినప్పటివేనా? రంగు ఫ్యాక్టరీలో వేసిందేనా? డీనో అయితే తలుపుల కింద, చక్రాల దగ్గర తుప్పు పట్టిందా, పట్టిన చోట రేకు అతికి పైన రంగు కొట్టారా? మియురా అయితే ఎప్పుడైనా తగలబడి మళ్ళీ కట్టిందా? ధర చూస్తే ఇటీవలి వేలాల్లో 246 డీనోలు మూడు నుంచి ఐదు లక్షల డాలర్ల మధ్య పోతున్నాయి. మియురా ఎస్వీలు ఇరవై లక్షల డాలర్లు దాటేస్తున్నాయి. మావాడు చెప్పిన లెక్క నిజమే. తక్కువగా ఉండటం, పన్నెండు సిలిండర్లు, ఆ రూపం, 1969లో వచ్చిన 'ది ఇటాలియన్ జాబ్' సినిమా మొదట్లో ఆల్ప్స్ కొండదారిలో పోయే నారింజరంగు మియురా, అన్నీ కలిసి ఆ ధర.

డీనో తక్కువ పలకడానికి ఇంకో కారణం ఉంది. ఈ కారు మీద ఎక్కడా ఫెరారీ అని ఉండదు. ఎగిరే గుర్రం బొమ్మ ఉండదు. డీనో అని చేతిరాత లాంటి అక్షరాలు మాత్రం ఉంటాయి. ఫెరారీ అంటే పన్నెండు సిలిండర్లుండాలని ఎంజో పట్టుదల. దీనికి ఆరే కదా. అందుకని చాలా ఏళ్ళు ఇది అసలు ఫెరారీయే కాదని తీసిపారేసేవాళ్ళు. కొన్నవాళ్ళలో చాలామంది చిన్నతనం అనుకుని ఫెరారీ బిళ్ళలు కొని అతికించుకున్నారు. ఇప్పుడు సేకరించేవాళ్ళు వాటిని పీకేయించుకుంటున్నారు, అది అసలుది కాదని.

ఇంటిపేరు లేని కారు గురించి చదువుతుంటేనే ఇంటిపేరు లేని కొడుకు తగిలాడు. ఎంజోకి లీనా లార్దీ అనే ఆవిడతో 1945లో ఇంకో కొడుకు పుట్టాడు, పియెరో. డీనోకి అప్పుడు పదమూడేళ్ళు. ఇటలీలో 1970 దాకా విడాకుల చట్టమే లేదు. పియెరో తల్లి ఇంటిపేరుతో పెరిగాడు. తండ్రి ఫ్యాక్టరీలోనే పనికి చేరాడు, కాని ఫెరారీ అని రాసుకోవడానికి వీల్లేదు. ఆ ఏళ్ళలోనే అదే ఆవరణలోంచి పోయిన కొడుకు పేరున్న కార్లు బయటికి వస్తున్నాయి, వాటి మీదా ఫెరారీ అని లేదు. 1978లో లౌరా పోయాకే పియెరో ఫెరారీ అయ్యాడు. ఇవాళ ఆ కంపెనీలో పదోవంతు వాటా ఆయనది, ఉపాధ్యక్షుడు కూడా.

ఇది చదివి నేను ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోలేకపోయాను. లౌరా వైపు చూస్తే, తన బిడ్డ మంచం పట్టి ఉండగా ఇంకో ఇంట్లో ఆరోగ్యంగా ఇంకో బిడ్డ. లీనా వైపు చూస్తే, ముప్పై ఏళ్ళ పైన కొడుకుతో సహా చాటున. ఎంజోని చూసి జాలిపడదామంటే ఈ ఇద్దరూ అడ్డొస్తారు. తప్పు పడదామంటే ఆ కేలరీల పుస్తకం అడ్డొస్తుంది.

ఫెరూచ్చో మాత్రం తేలిగ్గా వదిలించుకున్నాడు. 1970ల మొదట్లో ట్రాక్టర్ల వ్యాపారానికి దెబ్బ తగిలితే కార్ల కంపెనీ వాటాలు రెండు విడతల్లో అమ్మేసి, ఉంబ్రియాలో చెరువు పక్కన ద్రాక్షతోటకు వెళ్ళిపోయాడు. రైతు బిడ్డ మళ్ళీ రైతయ్యాడు. తన వైనుకి మియురా రక్తం అని పేరు పెట్టుకుని 1993లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.

మావాడు అడిగాడు, ఊరికే ఇస్తే ఏది తీసుకుంటావని. డీనో అన్నాను. 246, వెండిరంగుది, అతికించిన బిళ్ళలు లేనిది. "మియురా అమ్మి డీనోలు ఐదు కొనుక్కోవచ్చు, ఆ లెక్క కూడా రాదు నీకు" అన్నాడు. లెక్క వచ్చు. ఆ కారును ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు, అంతే.

ఆ ఆదివారం అమ్మకు ఫోన్ చేసినప్పుడు ఈ కథంతా చెప్పాను. కారు పేరు దగ్గర కాస్త తటపటాయించాను గాని చెప్పేశాను. అమ్మ మధ్యలో ఊ కొట్టలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"ఆ పిల్లాడి తల్లి పేరేమిటన్నావు?" అంది.

"లౌరా" అన్నాను.

"లౌరా" అని ఒకసారి అనుకుంది. తర్వాత, కిందటి నెల పంపిన మాగాయలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.